నురగ రాని సబ్బు

"ఈ సబ్బూ అంతే. నురగే రావట్లేదు," అన్నాడు మా ఆయన, స్నానాల గదిలోంచి తల బయటపెట్టి.

ఈ ఏడాదికి అది అయిదో సబ్బు. లాంచీ మీద అవతలి ఒడ్డుకి వెళ్లినప్పుడల్లా ఒక కొత్త రకం తెస్తాడు. ఆకుపచ్చది, ఎర్రది, వేపది, ఒకసారి చంటిపిల్లలకి రుద్దేది కూడా తెచ్చాడు. కంపెనీలన్నీ దొంగలైపోయాయంటాడు. ఇంకో రకం తెచ్చి చూడండి, అంటాను నేను.

మాది దీవి. ఊరికి ఉన్నది ఒకే లాంచీ, అది మా ఆయనది. పొద్దున ఏడింటికి జనాన్నీ చేపల బుట్టల్నీ వేసుకుని వెళ్తాడు, మూడింటికి తిరిగొస్తాడు. వచ్చేటప్పుడు అప్పుడప్పుడు దీవి చూడ్డానికొచ్చేవాళ్లుంటారు. వాళ్లు మా ముందుగదిలో దిగుతారు. రెండు రోజులుండి, ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోందంటారు. మూడో రోజు లాంచీ ఎక్కుతారు. పెళ్లై వచ్చిన ఈ తొమ్మిదేళ్లలో నేను ఒక్క రాత్రి కూడా అవతలి ఒడ్డున పడుకోలేదు. నా ప్రయాణమంతా ఊట దాకానే.

ఊట దీవికి ఆ చివర, రాళ్ల కింద ఉంది. అరగంట నడక, ఆపైన డెబ్భై మెట్లు. లాంచీ కూత వినపడగానే బిందెలు తీసుకుంటాను, నెత్తిన ఒకటి, నడుమున ఒకటి. ముందుగది ఖాళీగా ఉంటే రెండుసార్లు, జనం ఉంటే నాలుగుసార్లు. వచ్చినవాళ్ల స్నానానికి కూడా ఊట నీళ్లే. డబ్బిచ్చేవాళ్లకి సబ్బు నురగ రావాలి కదా.

"ఇంట్లో బావి పెట్టుకుని ఊటకెందుకు పరిగెడతారో వీళ్లు. నలుగురూ చేరి కబుర్లు చెప్పుకోకపోతే తిన్నది అరగదు," అంటాడు మా ఆయన వాళ్లతో. వాళ్లు నవ్వుతారు. లోపల మంచం మీద అత్తయ్య కూడా నవ్వినట్టు దగ్గుతుంది. ఒకాయన నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి ఫోటో తీసి, అద్దం కట్టించి పంపించాడు. ముందుగదిలో మంచం పైన మేకుకి వేలాడుతోందది. ఎంత ప్రశాంతంగా ఉందో అంటారు చూసినవాళ్లు. డెబ్భై మెట్లు ఎక్కేటప్పుడు కబుర్లకి ఊపిరెక్కడిదని ఎవరూ అడగలేదు.

బావి మాట చెప్పాలి. ఆ చోటు చూపించింది మా ఆయనే. పెళ్లైన కొత్త. సముద్రం ఇంత దగ్గర తవ్వద్దని ఊరంతా చెప్పినా వినలేదు. నీళ్లు పడ్డాయి, తియ్యగా. వీధి వీధంతా వచ్చి తాగి వెళ్లింది. ఆయన తడి చేతులతో నా దగ్గరికొచ్చి, "ఇక నువ్వు బిందె ఎత్తక్కర్లేదు," అన్నాడు. అలాంటి మాట అన్న మనిషిని ఇష్టపడకుండా ఎలా ఉంటాం?

మరుసటి వేసవిలో ఇంజను చెడి, ఆయన ఇరవై రోజులు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. అప్పుడు బావిలోకి ఉప్పు వచ్చింది. అత్తయ్య ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "వాడికి చెప్పకమ్మాయ్. నలుగురూ వద్దన్న చోట తవ్వించాడు, తల ఎత్తుకోలేడు. ఈ ఒక్క వేసవికి మనమిద్దరం మోసుకొద్దాం. వానలు పడితే అదే సర్దుకుంటుంది," అంది. వానలు పడ్డాయి. ఉప్పు కొంచెం తగ్గింది గానీ పోలేదు. నాలుగేళ్లు నాతో పాటు మోసి, మోకాళ్లు పోయి మంచం ఎక్కింది అత్తయ్య. అప్పటి నుంచి నేనొక్కదాన్నే. ఆయన స్నానానికి బావి నీళ్లే, తాగేవీ, వంటకి పోసేవీ మాత్రం ఊట నీళ్లు. పొద్దున నోరు కడుక్కోడానికి కూడా చెంబుతో పక్కన పెడతాను. ప్రేమ అనుకుంటాడు. మొదట్లో ఆయన మీద జాలితో చెప్పలేదు. తర్వాత అత్తయ్య మాట కాదనలేక చెప్పలేదు. ఆ తర్వాత ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. చెప్పని మాట ఇంట్లో ఒక పెద్ద సామానులా అయిపోతుంది. దాన్ని తప్పుకుని నడవడం అలవాటైపోతుంది.

పోయిన నెల హోటలాయన వచ్చాడు. అవతలి ఒడ్డున రెండు హోటళ్లున్న మనిషి, మాట మెత్తన. మూడు రోజులున్నాడు, పూటకోసారి స్నానం చేశాడు. వెళ్లేరోజు గ్లాసు ఎత్తి వెలుగులోకి చూస్తూ, సముద్రం మధ్యలో ఇంత తియ్యటి నీళ్లెక్కడివని అడిగాడు.

"మా బావే. చోటు నేనే చూపించాను," అన్నాడు మా ఆయన.

"నీళ్లుంటే అన్నీ ఉన్నట్టే బావగారూ. ఎనిమిది గదులు వేద్దాం."

కట్టుబడి ఖర్చు ఆయనది, స్థలం మాది. గదులు నడవకపోతే లాంచీ ఆయనకి పోతుంది. అలా కాయితం రాసుకుందామన్నారు. వంటా నీళ్లూ చెల్లెమ్మ చూసుకుంటే వేరే పనివాళ్లెందుకన్నాడు హోటలాయన. "దానికేం, చేసేస్తుంది. అలవాటే," అన్నాడు మా ఆయన. నేను వంటింట్లో గిన్నె తోముతున్నాను. ఎనిమిది గదులంటే పదహారు మంది. మనసులో బిందెలు లెక్కేస్తూ నలభై దాకా వెళ్లి ఆగిపోయాను. అప్పుడే మోకాలు చిటుక్కుమంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. అయిదేళ్ల కిందట మెట్ల మీద నా ముందు నడిచే అత్తయ్య కాలిలోంచి విన్నాను.

తర్వాత రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి ఆయన నేల మీద సుద్దముక్కతో గదుల కొలతలు గీస్తున్నాడు. పెట్టుబడి సంగతులు నీకేం తెలుస్తాయిలే అన్నాడు, కోపంగా కాదు, ముద్దుగా. రెండోసారి నోరు తెరిచేలోపే, ఎనిమిది గదుల యజమానురాలివి కాబోతున్నావని బుగ్గ గిల్లాడు. గిల్లిన చోట తడుముకుంటూ లోపలికొచ్చేశాను.

గురువారం సంతకాలు. ఆ పొద్దున లాంచీ కూత వినపడింది. బిందెలు బూడిదతో తళతళలాడేలా తోమి, పెరటి గోడ మీద ఎండలో బోర్లించాను. గుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకున్నాను. పొద్దున్నే ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఎండ వంటింటి గడప దాకా వస్తుందని ఆ రోజే చూశాను.

"ఊటకి వెళ్లవా?" అంది అత్తయ్య మంచం మీద నుంచి.

"వెళ్లను."

కాసేపటికి దాహమేస్తోందంది. బావిలో చేద వేసి, ఒక గ్లాసు తెచ్చిచ్చాను. ఒక గుక్క తాగి నా మొహంలోకి చూసింది. ఈసారి ఉమ్మలేదు. మందు తాగినట్టు గ్లాసు మొత్తం తాగేసింది.

"బయటివాడి ముందు నా కొడుకు..."

"ముందు ఆయనకే ఇస్తాను అత్తయ్యా. లోపలికి పిలిచి."

"మొదలుపెట్టింది నేనే కదే," అంది. చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టి, నూనె ఆరేదాకా అలాగే ఉంచింది.

మూడింటికి లాంచీ వచ్చింది. హోటలాయన వసారాలో కూర్చుని, కాయితాలు ఎగిరిపోకుండా వాటి మీద చేతి గడియారం తీసి పెట్టాడు. మా ఆయన మంచినీళ్లు తెమ్మని కేకేశాడు. మీరొకసారి లోపలికి రండి అన్నాను. ఏమిటి ఇప్పుడు అనుకుంటూనే వచ్చాడు. గ్లాసు చేతికిచ్చాను. ఎండన పడి వచ్చిన మనిషి, సగం గటగటా తాగేశాక గానీ ఆగలేదు. గ్లాసులోకి చూశాడు. నా వైపు చూశాడు.

"ఇదేంటి?"

"మన బావి."

ఆయన మొహంలో ఒక్కొక్కటిగా కదిలాయి. తవ్వించిన రోజు, వీధి వీధంతా తాగిన రోజు, ఊటకెళ్లే దారి, కట్టబోయే గదులు. అన్నీ ఒక్కసారే అర్థమయ్యే మనిషి కాదు. నేను తొందర పెట్టలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"మీ సబ్బు నురగ రావడం మానేసినప్పటి నుంచి."

గోడకి ఆనుకుని మెల్లగా పీట మీద కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, పడిపోతుందేమో అన్నట్టు. పాపం అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. వసారాలోంచి హోటలాయన గొంతు వినపడింది: "చెల్లెమ్మా, ఆ తియ్యటి నీళ్లు తెస్తున్నావా?"

మా ఆయన తలెత్తి గొంతు తగ్గించాడు. "ఆయనకి బిందెలోవి ఇవ్వు. ఈ ఒక్కసారికి."

మంచం మీద అత్తయ్య గోడ వైపు తిరిగింది.

"లేవు," అన్నాను.

"లేకపోవడమేంటి?"

కిటికీలోంచి పెరటి గోడ చూపించాను. రెండు బిందెలూ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి, పొడిగా, ఎండకి మెరుస్తూ.

"ఇవాళ కబుర్లకి వెళ్లలేదండీ," అన్నాను.