నేను ఊళ్ళో లేని శనివారాలు

హాల్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టు ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్ళిన ఏడాది నన్ను ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. పోలీసులు కాదు, కోర్టూ కాదు. నా సొంత తమ్ముడు క్లిఫ్, మాంసం కొట్టు రే పిక్‌ఫర్డ్ కలిసి ఆ పని చేశారు. చాలా మర్యాదగా చేశారు. వస్తూ వస్తూ కేకు కూడా తెచ్చారు.

మా జట్టు అంతకు ముందు పై లీగ్‌లో ఆడినప్పటికి నేను పుట్టలేదు. మా నాన్న చూశాడు. ఉన్ని మిల్లులో శనివారం పూట సగం రోజు పని చేసి, అట్నించి అటే మైదానానికి పోయేవాడట. ఆదివారం భోజనాల దగ్గర ఆ కబుర్లు చెబుతుంటే క్లిఫ్, నేనూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. నాన్న పోయాక ఆయన సీటు పెద్దదాన్ని కాబట్టి నాకొచ్చింది. నా పక్కన క్లిఫ్, వాడి పక్కన రే. మా వరస అలా కుదిరి చాలా ఏళ్ళయింది. ఈలోపు మా జట్టు కింది లీగుల్లో తిరగని ఊరు లేదు, ఓడని బురద లేదు. ఇన్నేళ్ళూ నాకున్న కోరిక ఒక్కటే. పై లీగ్‌లో మా వాళ్ళు గెలుస్తుంటే నాన్న సీట్లో కూర్చుని చూడాలి. కప్పులూ గిప్పులూ అక్కర్లేదు. ఒక్క గెలుపు చాలు.

ఆగస్టులో మొదటి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మేనేజర్ టీవీలో కొన్ని మంచి అంశాలు కనిపించాయని చెప్పాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను గానీ నాకేమీ కనిపించలేదు. తర్వాతి దాంట్లో మా వాళ్ళు ఒక గోల్ వేశారు. మేమంతా ఎగిరి గంతులేశాం, రే నన్ను పట్టుకుని ముద్దు కూడా పెట్టాడు. తీరా వీడియో చూసి, మా ఫార్వర్డ్ మోకాలు ఆఫ్‌సైడ్ గీత దాటిందని ఆ గోల్ రద్దు చేశారు. ముద్దుని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయాం. ఆ తర్వాతిదీ అంతే.

అక్టోబర్‌లో మా పెద్దమ్మ మనవరాలి బిడ్డకు లీడ్స్‌లో నామకరణం. మ్యాచ్ ఉన్న రోజున చర్చికి వెళ్ళాల్సి వచ్చినందుకు నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆ రోజే మా జట్టు గెలిచింది. నేను తిరిగొచ్చిన వారం అరడజను గోల్స్ తిని ఓడింది. నవంబర్‌లో నాకు జ్వరమొచ్చి మంచం పట్టాను, మళ్ళీ గెలిచింది. లేచి కోలుకుని వెళ్ళాను, మళ్ళీ ఓడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్లిఫ్ మ్యాచ్‌కి తొడుక్కునే మేజోళ్ళు కిందటి ఏడాది నుంచి ఉతకలేదు. ఉతికితే అదృష్టం పోతుందట. రే సరిగ్గా ఆట మొదలయ్యే ఈల మోగగానే సాసేజ్ రోల్ కొరుకుతాడు, ఒక్క క్షణం ముందు కొరికినా ఓడిపోతామట. ఇంత ఘోరంగా ఓడుతున్నప్పుడు మనిషన్నవాడికి ముందు ఆ మేజోళ్ళ మీద అనుమానం రావాలి. వీళ్ళకి నా మీద వచ్చింది.

ఒక బుధవారం సాయంత్రం ఇద్దరూ మా ఇంటికొచ్చారు. క్లిఫ్ చేతిలో కేకు. వాడు తన పెళ్ళికి తప్ప ఎప్పుడూ కేకు కొన్న పాపాన పోలేదు. టీ పోశాను. కాసేపు వాన గురించి మాట్లాడుకున్నాం.

"అక్కా, నువ్వు ఏమీ అనుకోనంటే..." అని క్లిఫ్ నీళ్ళు నమిలాడు.

"అనుకుంటాను. చెప్పు."

"నువ్వు చెప్పు రే."

"నాదేముందయ్యా, నీ అక్క కదా," అని రే టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"అది కాదక్కా. నువ్వు రాని రోజు గెలుస్తున్నాం. వచ్చిన రోజు చిత్తుగా ఓడుతున్నాం. నేనన్నానని కాదు, మన వరసలో అందరూ అంటున్నారు."

"అంటే నేను ఐరన్ లెగ్గునా?"

"ఛ ఛ! అంత మాట ఎవరన్నారు?" అన్నాడు రే. "ఒక్కసారి ఆలోచించమ్మా ఐలీన్. నీకు మాత్రం జట్టు మీద ప్రేమ లేదా?"

"ఒరేయ్, నాన్న సీటు రా అది!"

"సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వం అక్కా. నా కోటు పెడతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న సీట్లో కోటు కూర్చుంటుందట, నేను ఇంట్లో కూర్చోవాలట. కేకు తీసుకుపొమ్మన్నాను. వాళ్ళు దాన్ని బల్ల మీదే వదిలేసి పారిపోయారు. ఆ శనివారం పంతానికి మ్యాచ్‌కి వెళ్ళాను. అయిదు గోల్స్ తిన్నాం. ఇంటికి నడిచొచ్చేటప్పుడు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే పెద్ద శిక్షయింది. ఆ పై వారం నేను ఇంట్లోనే ఉండిపోయాను.

ఇంట్లో ఉంటే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఆ రోజు మా వాళ్ళు ఒక గోల్ ముందున్నారని తెలిసి రేడియో పెట్టాను. పెట్టిన నిమిషానికే గోల్ తిన్నారు. క్లిఫ్ అడిగితే దాచలేకపోయాను. దాంతో రేడియో బంద్. ఇంకో వారం రేడియో పెట్టలేదు గానీ కిటికీ తెరిచాను. మా ఇల్లు గుట్ట మీద ఉంటుంది, మైదానంలో అరుపులు వినిపిస్తాయి. ఆ వారమూ ఓడారు. చివరికి రే ఆలోచించి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. మ్యాచ్ రోజున నేను ఊళ్ళోనే ఉండకూడదు. ఆ మాటకొస్తే మా జిల్లా యార్క్‌షైర్‌లోనే ఉండకూడదు.

అలా నన్ను పక్క జిల్లా లాంకషైర్‌లోని సముద్రపు ఒడ్డు ఊరు మోర్‌కామ్‌కి పంపడం మొదలుపెట్టారు. మ్యాచ్ ఉన్న రోజున పొద్దున్నే క్లిఫ్ నన్ను బస్సెక్కించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడేవాడు. చెయ్యి కూడా ఊపేవాడు. అందరూ ఆప్యాయత అనుకునేవాళ్ళు. మోర్‌కామ్‌లో శీతాకాలంలో చూడ్డానికేమీ ఉండదు. సముద్రం కూడా చాలాసార్లు ఉండేది కాదు, ఆటు వచ్చి ఎక్కడికో వెళ్ళిపోయి ఉండేది. నేను టీ కొట్లో కూర్చుని ఆ బురదకేసి చూస్తూ, మాకు తరతరాలుగా పడని లాంకషైర్ వాళ్ళ టీ తాగేదాన్ని. మా నాన్న బతికుంటే ఈ అవమానం చూసి మళ్ళీ పోయేవాడు.

కానీ జట్టు గెలవడం మొదలుపెట్టింది. ప్రతిసారీ కాదు, అప్పుడప్పుడూ. మధ్యలో మేనేజర్ని తీసేశారు, కొత్తాయనొచ్చి ఆయన కూడా మంచి అంశాలే చూశాడు. అయినా పేరు మాత్రం నాకే వచ్చింది. రే కొట్టుకి వెళ్తే మంచి ముక్క కోసిచ్చి, "ఈ శనివారం కూడా నువ్వు ఊళ్ళో ఉండవుగా తల్లీ?" అనేవాడు. బస్టాపులో ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపేవాళ్ళు. చర్చిలో ఫాదర్ గారు ప్రయాణం సుఖంగా జరగాలని దీవించారు. ఒకసారి నేను మోర్‌కామ్‌లో ఉండగానే ఓడిపోయాం. విచారిస్తే ఆట మధ్యలో నేను క్లిఫ్‌కి "ఎంత?" అని మెసేజ్ పెట్టినట్టు తేలింది. తప్పు ఒప్పుకునేదాకా వాడు వదల్లేదు.

మేలో చివరి మ్యాచ్ వచ్చింది. మా సొంత మైదానంలోనే. గెలిస్తే పై లీగ్‌లో ఉంటాం. ఓడినా, సమానమైనా కిందికి పోతాం. మళ్ళీ ఇంత పైకి రావాలంటే ఇంకెన్నేళ్ళు పడుతుందో, అప్పటికి నేనుంటానో లేదో. ఆ ఏడాది జట్టు గెలిచిన ప్రతి మ్యాచ్‌నీ ఊరంతా చూసింది, నేనొక్కదాన్నే చూడలేదు.

బస్సెక్కాను. క్లిఫ్ చెయ్యి ఊపి, ఈసారి మ్యాచ్ కంగారులో ముందే వెళ్ళిపోయాడు. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను లేచి దిగిపోయాను. పెద్దగా ఆలోచించిందేమీ లేదు, ఊరంతా తిరిగి తిరిగి ఆట వేళకి కాళ్ళు మైదానం వైపు నడిచాయి, నేను వాటితో వెళ్ళాను.

నన్ను చూసి రే నోట్లో సాసేజ్ రోల్ అలాగే ఉండిపోయింది. ఈల ఇంకా మోగలేదు మరి. క్లిఫ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కోటు తియ్యరా," అన్నాను.

"అక్కా, ఇవ్వాళా? ఇవ్వాళేనా?"

"కోటు తియ్యి."

తీశాడు. కూర్చున్నాను. ఎవరో వెనక నుంచి "ఆవిడేనా?" అని గుసగుసలాడారు. ఆవిడే అన్నారింకొకరు.

ఆట మొదలైన కాసేపటికి మా వాళ్ళు గోల్ వేశారు. ఎవరూ లేవలేదు. వీడియో చూస్తారని ఆగాం. చూశారు. గోలే. అప్పుడు లేచాం. రే బుర్ర గోక్కుని, "బస్సెక్కింది కదా, ఎక్కినందుకే ఫలితం వచ్చుంటుంది," అన్నాడు. అది అందరికీ సబబుగానే తోచింది.

సగం ఆట అయ్యాక రెండో గోల్ పడింది. ఎడమ పక్క నుంచి మా బక్క కుర్రాడు బంతిని ఎత్తుగా వేస్తే, కెప్టెన్ వెనక్కి వాలుతూ తలతో కొట్టాడు. గోల్‌కీపర్ కదల్లేదు, నిలబడి చూశాడంతే. వల ఉబ్బింది. నాకు ఏడుపొచ్చింది. క్లిఫ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నాన్న చెప్పిన కబుర్లలో ఎక్కడా ఇంత బాగా లేదు.

ఇంకో పావుగంట ఉందనగా అవతలి వాళ్ళ బంతి మా క్రాస్‌బార్‌కి ఠంగున తగిలింది. వరసలో తలలన్నీ నా వైపు తిరిగాయి. రెండు నిమిషాల తర్వాత ఇంకోటి మా గోల్‌పోస్టు అంచు రాసుకుంటూ పోయింది. క్లిఫ్ చేతులు నలుపుకుంటున్నాడు.

"అక్కా..."

"నోర్ముయ్."

"గెలుస్తుంటే చూశావు కదక్కా. చాలదా? ఒక్క పది నిమిషాలు. బయట నిలబడు చాలు." వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అరవై దగ్గరపడ్డ మనిషి. "నీ కాళ్ళు పట్టుకుంటానక్కా."

నేను ఆట వైపు చూశాను. మా వాళ్ళు ఆయాసపడుతున్నారు. బక్క కుర్రాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఇన్ని నెలలూ అరిచాను, తిట్టాను, కేకు వెనక్కి తీసుకుపొమ్మన్నాను. కానీ నిజానికి నేనూ నమ్మాను. వాళ్ళకంటే ముందే నమ్మాను, లీడ్స్ నుంచి తిరిగొస్తూ బస్సులోనే నాకా అనుమానం వచ్చింది. లేచి నిలబడ్డాను. వరసంతా మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చింది. ఎవరో భుజం తట్టారు.

గేటు దగ్గర కాపలా ఉన్నాయన, "వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వం అమ్మా," అన్నాడు.

"తెలుసు నాయనా," అన్నాను.

బయట రోడ్డు ఖాళీగా ఉంది. చిప్స్ బండి అతను రేడియో పెట్టుకున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి, అడక్కుండానే కట్టేశాడు. గోడకానుకుని నిలబడ్డాను. మా వాళ్ళు అరిస్తే గోడ అదురుతుంది. అవతలి వాళ్ళు వచ్చేది కొద్దిమందే కాబట్టి వాళ్ళ అరుపు సన్నగా, ఒక మూల నుంచి వస్తుంది. ఆ ఏడాది నాకది బాగా అలవాటైంది.

గోడ అదరలేదు. మూల నుంచి సన్నటి అరుపొచ్చింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఈల మోగింది, ఇంకేమీ వినిపించలేదు.

జనం బయటికొచ్చారు. రెండుకి రెండు, సమానం. మళ్ళీ కింది లీగే. క్లిఫ్ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాడి వెనకాల రే.

"ఎందుకెళ్ళిపోయావక్కా?"

చేతిసంచీతో వాడి భుజం మీద ఒక్కటిచ్చాను. "నువ్వే కదరా పొమ్మన్నది!"

"నేనంటే మాత్రం వెళ్ళిపోతావా? పుట్టినప్పట్నుంచీ నా మాట ఒక్కటైనా విన్నావా నువ్వు?"

నిజంగానే అంతకు ముందెప్పుడూ వినలేదు.

"వచ్చే ఏడాది ఈవిణ్ణి సీట్లోంచి లేవనివ్వకూడదు," అన్నాడు రే సీరియస్‌గా. "బాత్‌రూమ్‌కి కూడా." అని కొట్టు తాళాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మేమిద్దరం గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. దారంతా క్లిఫ్ తల ఎత్తలేదు. నాకు వాడి మీద కోపం ఉండాలి. వెతికాను, దొరకలేదు. మలుపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు.

"ఆ రెండో గోల్ ఎలా పడిందో చెప్పక్కా."

"నా పక్కనే ఉన్నావు కదరా. నువ్వూ చూశావుగా."

"చూశాను," అన్నాడు. "నేను ఆ తర్వాత మనం తిన్నవి కూడా చూశానక్కా. నువ్వు చెప్పు."