పాత గడ్డి తిన్న యూరియా

పాత బీడులోనే పశువుల మేతకని క్లోవర్ గింజలు చల్లి, నేయివా చెల్లెలి పురుటికి వెళ్ళింది. ఎరువు జోలికి పోవద్దని మొగుడికి మరీ మరీ చెప్పింది. మొలకలు నీరసంగా కనిపించేసరికి ఒడిలోన్ ఆగలేకపోయాడు. నాలుగు బస్తాల యూరియా చల్లాడు. వాన కూడా కలిసొచ్చి, నెల తిరక్కుండా బీడు మూరెడెత్తు లేచింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే మీసం దువ్వుకున్నాడు.

తిరిగొచ్చిన నేయివా వంగి గడ్డిని పాయలుగా విడదీసింది. అడుగున క్లోవర్ దారప్పోగుల్లా పాలిపోయి ఉంది.

"తన నత్రజని తనే చేసుకునే మొక్కయ్యా ఇది. నువ్వు మేపింది పాత గడ్డిని. అదొచ్చి దీని నెత్తినెక్కి కూర్చుంది."

అంతలో కంచె అవతలి దర్సీ వచ్చి, తను తాగుతున్న మాటే ఆకు టీ బుర్రను ఒడిలోన్ చేతిలో పెట్టాడు. ఆ విత్తనమే దర్సీ కూడా వేశాడు.

"కిటుకు దాచుకున్నావు గానీ అన్నా, నీ ఖాళీ బస్తాలు నేను చూశాలే. పొద్దున్నే ఆరు బస్తాలు చల్లేశా," అన్నాడు దర్సీ. "అదిగో, మబ్బు కూడా పట్టింది."

ఒడిలోన్ తలెత్తి చూడలేదు.