పాత కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్

పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇంట్లోనే టైపింగ్ చేసుకునే ఆ తల్లి మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. కంప్యూటర్ నత్తలా నడుస్తోంది. ఈసారీ ఆలస్యమైతే ఆఫీసువాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే గుర్రంలా పరిగెడుతుందక్కా," అంటూ తమ్ముడు వేసిపెట్టాడు. తీరా చూస్తే అది మునుపటికంటే ఎక్కువగా మొరాయించింది.

"ఏదిరా నీ గుర్రం?" అంది ఏడుపుగొంతుతో.

తమ్ముడు నాలిక్కరుచుకున్నాడు. "దీనికి మెమరీ చాలట్లేదక్కా. ముసలాయనకి కొత్త చొక్కా తొడిగి పరిగెత్తమన్నట్టయింది."

తన కంప్యూటర్‌లోని రెండు మెమరీ ముక్కల్లో ఒకటి ఊడదీసి తెచ్చి దీనికి బిగించాడు. ఈసారి నొక్కీ నొక్కకముందే పేజీ తెరుచుకుంది.

"మరి నీదో?"

"నాది ఆటలకేగా! అది నెమ్మదిగా నడిస్తే ఓడిపోతాను, అంతేగా."

ఆమె కళ్ళు తుడుచుకుని, సాయంత్రానికల్లా కాగితాలు పంపిస్తానని ఆఫీసుకి ఫోన్ చేసింది.