దిద్దిన కన్ను

మా ఆయన డ్రాయింగు మాస్టారు. సాయంత్రాలు మా ముందు గదిలోనే పెద్దవాళ్లకు బొమ్మలు నేర్పుతాడు. నేర్పుతాడనడం నా మర్యాద. ఎవరి దగ్గరికెళ్లినా "ఏదీ, ఇలా ఇవ్వండి" అంటూ కుంచె లాక్కుని తనే దిద్దేస్తాడు. నెల తిరిగేసరికి గోడ మీద ఎవరి బొమ్మ చూసినా ఆయన బొమ్మే. నా కాపురమూ అలాగే సాగింది. నేను ఆరేసిన బట్టల్ని కూడా మళ్లీ సర్ది ఆరేసే మనిషితో ఎలా వేగను చెప్పండి!

ఈ ఏడు నేనూ కుంచె పట్టాను. సరదాకి కాదు. మా అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు. అన్నయ్య పోయాక ఆవిడ ముఖం గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాకూ మసకేస్తోంది. పూర్తిగా చెరిగిపోయేలోగా కాగితం మీద పెట్టుకోవాలి. పగలంతా కుట్టుమిషను మీద యూనిఫారాలు, ఇంటికొస్తే వంట. నడుం పడిపోతున్నా రోజూ కాసేపు ఆ కాగితం ముందు కూర్చునేదాన్ని.

"నా బొమ్మ మీద చెయ్యి వేశారంటే ఊరుకోను," అని ముందే చెప్పాను.

"నాకేం పని తల్లీ!" అన్నాడు.

నిన్న సాయంత్రం క్లాసు వాళ్లు వెళ్లిపోయాక కూర్చున్నాను. ముక్కు కుదిరింది, పెదవి కుదిరింది. కాగితం మీంచి అమ్మ నావైపు చూసింది. ఇంతలో పాలు పొంగుతున్న వాసన వస్తే వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన చేతిలో కుంచె ఉంది.

"ఎడమ కన్ను కిందికి జారిపోయిందే. సమం చేశాను. ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉందో!"

కళగానే ఉంది. ఎవరో పెద్దింటావిడ. మా అమ్మ కాదు. అమ్మా మిషనే తొక్కేది. సాయంత్రానికి ఆవిడ ఎడమ రెప్ప వాలిపోయేది. ఆ సగం కన్నుతోనే మాకు అన్నం పెట్టేది.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! ఆవిణ్ని మీరెప్పుడైనా చూశారా? మన పెళ్లినాటికే పోయిందే! ఆవిడ రెప్ప అలాగే వాలేది!"

కళ్లు మూసుకుని అమ్మను తలుచుకున్నాను. ఆయన దిద్దిన కన్నే వచ్చింది. మళ్లీ మూసుకున్నాను. మళ్లీ అదే. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాను.

"మా అమ్మ రెండోసారి పోయింది," అన్నాను.

రంగు ఇంకా ఆరలేదు. ఆయన తడిగుడ్డతో ఆ కన్ను తుడిచేసి, కుంచె కడిగి నా ముందు పెట్టాడు. పెట్టి, నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏంటి? ఇంకేం దిద్దుతారు?"

"నీకూ వాలుతుందే," అన్నాడు మెల్లగా. "ఎడమ రెప్ప. రోజూ ఈ వేళకి. ఇన్నేళ్లూ నిద్రొస్తోందనుకున్నాను."

గోడకున్న అద్దం తీసుకొచ్చి నా ముందు పట్టుకున్నాడు. చూశాను. అలిసిపోయిన ముఖం, సగం మూసుకున్న కన్ను. అమ్మే. అన్నం తిన్నావా అని అడిగేటట్టుంది.

కుంచె తీసుకున్నాను.

"చేతులు లాగేస్తున్నాయే, కాస్త దించనా?" అన్నాడు కాసేపటికి.

"కదిలారంటే చంపుతాను," అన్నాను.