పక్కసీటు మనిషి

కారు తుడవడం ఆమె పని. నడపడం ఆయన పని. ఆ ఇంట్లోకి కారు వచ్చిన రోజునుంచీ అంతే. ఆయన పోయి ఏడాది కావస్తున్నా ఆమె తన పని మానలేదు. ఎక్కడికీ కదలని కారుకి దుమ్ము ఎలా పడుతుందో గానీ, వారం తిరిగేసరికి తడిగుడ్డ పట్టుకుని షెడ్డులోకి వెళ్లాల్సిందే. ముందు పెద్ద అద్దం, తర్వాత పక్క అద్దాలు, ఆఖర్న చక్రాలు.

ఆ మంగళవారం ఆమె చక్రాల దగ్గరకి వచ్చేసరికి ఫోన్ మోగింది. కొడుకు.

"అమ్మా, కారు కొనేవాడు దొరికాడు. శనివారం పొద్దున్న వెంటపెట్టుకొస్తా. తాళాలు తీసి ఉంచు."

"సరే" అంది. ఫోన్ పెట్టేశాక, సరే అన్న తన నోటిని తనే తిట్టుకుంది. ఎవరేం చెప్పినా సరే అనడం ఆ నోటికి ఎప్పట్నుంచో అలవాటు. అడగకముందే అనేస్తుంది.

సరే ఎలా అవుతుంది? శుక్రవారం ఆమెకి డ్రైవింగ్ టెస్టు. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తను, ఇంకొకరు నేర్పిస్తున్న మాస్టారు. టెస్టు గట్టెక్కిన మర్నాడే కారు పోతే, ఇక ఆ లైసెన్సు పర్సులో పెట్టుకుని చూసుకోవాలి.

పిల్లలు చెడ్డవాళ్లు కాదు. అదే ఆమెకి వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే ఎదురు తిరగొచ్చు. "ఎక్కడికి వెళ్లాలన్నా ఒక్క ఫోన్ చెయ్యమ్మా, నేనుండగా నీకేంటి?" అన్నాడు కొడుకు, నాన్న పోయిన నెలలోనే. చేసింది. మీటింగులో ఉన్నానన్నాడు. మళ్లీ చేసింది. ఆదివారం చూద్దామన్నాడు. ఆదివారం వచ్చాడు, గబగబా తీసుకెళ్లాడు, ఆమె అక్క ఇంటి ముందు ఇంజను ఆపకుండా కూర్చుని హారన్ కొట్టాడు. ఊరికి ఆ చివర ఉంటుంది అక్క. ఆవిడ భర్త ఇంకా ముందే పోయాడు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని ఒక కప్పు టీ చల్లారేదాకా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో. ఆయన ఉన్నప్పుడు ఆయన ఓపికని బట్టి వారం నడిచేది. ఇప్పుడు కొడుకు తీరికని బట్టి నడుస్తోంది. మధ్యలో తనకంటూ ఒక రోజు ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్లిపోయిందో ఆమెకి తెలియనే లేదు. ఒకరు ఎక్కించుకుంటారు, ఇంకొకరు దింపుతారు. అందరూ జాగ్రత్తగానే దింపుతారు, పార్శిల్ దింపినట్టు. ఇంట్లో ఉన్నా అంతే. ఆయన కాఫీ, ఆయన మందులు, ఆయన వార్తలు, వాటి మధ్య సందుల్లో తన పనులు. ఇప్పుడు అన్నీ సందులే మిగిలాయి. వాటిని దేనితో నింపాలో తెలియక, తోమిన గిన్నెలే మళ్లీ తోమిన రోజులున్నాయి.

ఓసారి భోజనాల దగ్గర నెమ్మదిగా అని చూసింది, నేనే నేర్చుకుంటే ఎలా ఉంటుందీ అని. కొడుకు ముద్దుగానే నవ్వాడు. "పక్కసీట్లో కూర్చుని ఇన్నాళ్లు నడిపింది చాల్లేదామ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, అందరికీ పెరుగు వడ్డించింది.

వాడికి తెలియదు. వాడు వేళాకోళంగా అన్నది అక్షరాలా నిజం.

ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఊళ్లో సగం మంది ఆయన బస్సెక్కి ఆఫీసులకి వెళ్లినవాళ్లే. రిటైరయ్యాక ఎవరెంత చెప్పినా వినకుండా ఈ కారు కొన్నాడు. జీవితమంతా ఊరిని తిప్పాను, ఇక నిన్ను తిప్పుతానే అన్నాడు. తిప్పాడు కూడా. కొన్నాళ్లకి ఒక సాయంత్రం గేటు దగ్గర పూలకుండీని ముందు చక్రంతో గుద్దేసి, దీన్నిక్కడ ఎవరు పెట్టారని కేకలేశాడు. ఇల్లు కట్టినప్పట్నుంచీ ఆ కుండీ అక్కడే ఉంది. కళ్ల డాక్టరు చూసి, కుడికన్ను చూపు పోయింది, ఇక తిరిగి రాదన్నాడు.

ఇంటికొచ్చి మంచం అంచున కూర్చున్నాడాయన. "పిల్లలకి చెప్పకే. స్టీరింగ్ వదిలేశానంటే రేపట్నుంచి నేను కుర్చీలో ముసలాణ్ణే" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకి ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"మీరు పోనివ్వండి. నేను చూస్తాను" అంది.

ఆ రోజునుంచీ ఆ కారుకి చేతులు ఆయనవి, కళ్లు ఆమెవి. ఏమండీ, కుడిపక్క సైకిలు. కాస్త స్లో. లారీని పోనివ్వండి. ఇప్పుడు పదండి. ఇలా గుమ్మం నుంచి గుమ్మం దాకా చెబుతూనే ఉండేది. రోడ్డు మీద రెప్ప వెయ్యడం మర్చిపోయింది. ఇద్దరే ఉన్నప్పుడు ఆయన బుద్ధిగా వినేవాడు. వెనకసీట్లో పిల్లలో చుట్టాలో ఉన్నారంటే మాత్రం అవే మాటలు పెళ్లాం సణుగుడు అయిపోయేవి. "నువ్వు నోరు మూసుకుంటే నేనింకా బాగా నడుపుతానే" అనేవాడు. వెనకంతా గొల్లున నవ్వేవారు. అమ్మ నోటికి బ్రేకుల్లేవు నాన్నా అని కొడుకు అందుకునేవాడు. ఆ నవ్వుల మధ్యలోనే ఆమె చెయ్యి ఎవరికీ కనపడకుండా ఆయన మోకాలి మీదకి వెళ్లేది. తడితే స్లో. నొక్కితే బ్రేకు. ఇంటికి చేరి అందరూ లోపలికి వెళ్లాక, ఆయన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, కోపం వచ్చిందా అని అడిగేవాడు. వచ్చిందనేది ఆమె. ఇంకెప్పుడూ అననులే అనేవాడు. మళ్లీ చుట్టాలొస్తే మళ్లీ అదే జోకు. అయినా ఆ చెయ్యి పట్టుకున్న తీరుకి ఆమె కోపం షెడ్డు దాటి ఇంట్లోకి వచ్చేది కాదు.

అలా ఆమెకి రోడ్డంతా వచ్చు. కారే రాదు.

మొదటి రోజు మాస్టారు కారులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. స్టీరింగ్ ముందు కూర్చుంది. బండి కదిలింది. ఎదురుగా సందులోంచి చెత్తబండి వస్తోంది. మాస్టారికంటే ముందే చూసింది. "బండి వస్తోంది, బ్రేకు వెయ్యండి" అని స్పష్టంగా చెప్పింది. చెప్పి, హాయిగా కూర్చుంది. మాస్టారు తన వైపున్న బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కేశాడు కాబట్టి సరిపోయింది.

"అమ్మా, ఎవరికి చెప్పారు?" అన్నాడాయన ఊపిరి తీసుకుని. "బ్రేకు మీ కాలికిందే ఉంది."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. చూపు చూస్తుంది, నోరు చెబుతుంది, కాలు మాత్రం వేరే ఎవరిదో కదలాలన్నట్టు ఎదురుచూస్తుంది. ఇక మానేస్తానని ఆమె అన్న రోజున, అసలు కథంతా మాస్టారికి చెప్పింది. మాస్టారు మెడలో తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "చెప్పడం మానకండి. ఇన్నాళ్లు మీ మాట ఆయన కాలు విన్నది. ఇప్పుడు మీ కాలుని వినమనండి" అన్నాడు.

అప్పట్నుంచీ పైకి చెప్పుకుంటూనే నడిపింది. స్లో అంటే కాలు స్లో అయ్యింది. పోనివ్వండి అంటే పోనిచ్చింది. తన మాట తనే వినడం ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది.

గురువారం సాయంత్రం, టెస్టుకి ముందు ఆఖరి పాఠం. బజారు దాటుతుంటే వెనకద్దంలో ఒక పసుపుపచ్చ టాక్సీ కనిపించింది. ఎడమకి తిరిగింది, అదీ తిరిగింది. కావాలనే కూరగాయల దుకాణాల చుట్టూ తిప్పింది. టాక్సీ కూడా చుట్టూ తిరిగింది.

"మాస్టారూ, మన వెనక ఎవరో పడ్డారు" అంది నెమ్మదిగా.

మాస్టారు వెనక్కి తిరగబోతే, తిరగొద్దంది. ఇన్నేళ్లు ఇద్దరికి సరిపడా అద్దాలు చూసిన మనిషి. బట్టల గోదాముల వెనక ఒక సందుంది, ఆ చివర గోడే. అందులోకి పోనిచ్చి, టాక్సీ లోపలికొచ్చేదాకా ఆగి, ఇంజను ఆపింది. టాక్సీ తలుపు తీసుకుని నల్లకళ్లద్దాల మనిషి ఒకతి పరుగెత్తుకొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుంటే మాత్రం, తను దువ్వి జడలేసిన తల తల్లికి తెలియదా? కూతురు. ఇటు స్టీరింగ్ వైపు చూడనైనా చూడకుండా, అటు తలుపు లాగి మాస్టారి మీద పడింది.

"ఎవరు నువ్వు? మా అమ్మని ఎక్కడికి తీసుకుపోతున్నావ్?"

"నేను కాదమ్మా" అన్నాడు మాస్టారు రెండు చేతులూ పైకెత్తి. "ఆవిడే నన్ను తీసుకుపోతున్నారు."

అప్పుడు చూసింది కూతురు. అమ్మ చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. ముందు బంపరుకి డ్రైవింగ్ స్కూలు బోర్డుంది. కూతురు కళ్లద్దాలు తీసేసి అక్కడే నిలబడి ఏడ్చింది. రోజూ సాయంత్రం ఫోనెత్తకపోతే ఏదో పెద్ద జబ్బు చేసి ఆస్పత్రికి తిరుగుతోందని తను అనుకుందట. ఎవడో మాయమాటలు చెప్పి ఇల్లు రాయించుకుంటున్నాడని అన్నయ్య అనుకున్నాడట. ఆమె కొంగుతో, ఆపైన మాస్టారి తువ్వాలుతో కూతురి ముఖం తుడిచింది.

"మీ అన్నయ్యకి చెప్పకు" అంది.

"చెప్పను గానీ" అంది కూతురు ముక్కు ఎగబీలుస్తూ, "నన్ను ఎప్పుడు ఎక్కించుకుంటావ్?" ఆ తర్వాత ఇంకో మాట అంది, చిన్నగా. "మా ఆయన కారు తాళాలు ఎక్కడ పెడతాడో కూడా నాకు తెలియదమ్మా."

శుక్రవారం టెస్టు పెట్టే ఆఫీసరమ్మ పక్కసీట్లో బిగుసుకుని కూర్చుంది. మలుపు తిరిగాక, ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. మా ఆయనతో అంది ఆమె, కళ్లు రోడ్డు మీదనుంచి తియ్యకుండా. ఆఫీసరమ్మ ఒకసారి వెనకసీటు వైపు చూసి, సీటుబెల్టు సర్దుకుంది. పాసయ్యింది.

శనివారం పొద్దున్నే కొడుకు వచ్చాడు, కొనే మనిషితో. కూతురు వరండాలో టీ కప్పు పట్టుకుని, నాటకానికి ముందు వరసలో కూర్చున్నట్టు కూర్చుంది. కొనే మనిషి బానెట్ తట్టి చూశాడు, వంగి చక్రాలు చూశాడు. కొడుకు కారు చుట్టూ తిరుగుతూ, చేత్తో రాసి చూపిస్తున్నాడు.

"చూడండి, ఎక్కడైనా ఒక్క గీత ఉందేమో. కొన్నప్పట్నుంచీ మా నాన్న ఒక్కడే నడిపాడు. అదండీ డ్రైవరు చెయ్యంటే."

ఆమె చేతిలో తాళాలున్నాయి. అందివ్వడానికి అడుగు వేసింది కూడా. ఒక్క గీత. ఆ గీత పడకుండా తను ఎన్ని వేలసార్లు చూసిందో, ఎన్ని నవ్వులు మింగిందో. చెప్పొద్దన్నారు, ఇన్నాళ్లు చెప్పలేదు అంది మనసులోనే ఆయనతో. ఇక మీకు స్టీరింగ్‌తో పని లేదు. నాకుంది.

"చెయ్యి ఆయనదే" అంది. "కళ్లు నావి."

కొడుకు అర్థంకాక చూశాడు. అప్పుడు చెప్పింది, కుడికన్ను సంగతి, పూలకుండీ సంగతి, మోకాలి మీద చెయ్యి సంగతి. ఎక్కువ మాటలు పట్టలేదు. ఆయన్ని తక్కువ చేసి ఒక్క మాట అనలేదు. "మీ నాన్న భయపడ్డాడురా. భయపడ్డాడని మీకు తెలియడం ఆయనకి ఇష్టం లేకపోయింది. అందుకని నేను నోరున్న మనిషినయ్యాను." ఆ తర్వాత కొనే మనిషి వైపు తిరిగింది. "శ్రమపడి వచ్చారు, టీ తాగి వెళ్లండి. కారు ఇచ్చేది లేదు." ఆ మనిషి టీ వద్దని దండం పెట్టి వెళ్లిపోయాడు.

కొడుకు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వెనకసీట్లోంచి తను వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే వాడికి గుర్తొస్తున్నట్టు ముఖం మారిపోయింది. ఆమెకి జాలేసింది. కానీ ఆ జాలితో తాళాలు మాత్రం ఇవ్వలేదు. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుని, పక్క తలుపు లోపల్నుంచి తెరిచింది.

"ఎక్కు. డ్రైవింగ్ టెస్టు నిన్ననే పాసయ్యాను. పెద్దమ్మ ఇంటికి వెళ్దాం. ఇవాళ హారన్ కొట్టేవాళ్లెవరూ లేరు, సాయంత్రందాకా ఉంటా. నీకు పనుంటే నడిచి వెళ్లు."

ఎక్కాడు. కూతురు కప్పు అక్కడే వదిలేసి వెనకసీట్లోకి దూరింది. కారు గేటు దాటింది, పూలకుండీకి జానెడు దూరంలోంచి. వీధి మలుపు తిరిగేసరికి కొడుక్కి చెమటలు పట్టాయి. అమ్మా, సైకిలు. అమ్మా, స్లో. అమ్మా, అటుపక్క లారీ, బ్రేకు వెయ్యి, బ్రేకు.

ఆమె అప్పటికే వేసింది. లారీ వెళ్లిపోయింది. ఆమె చెయ్యి గేరు మీదనుంచి తీసి కొడుకు మోకాలి మీద ఒకసారి మెల్లగా తట్టింది.

"నువ్వు నోరు మూసుకుంటే" అంది, "నేనింకా బాగా నడుపుతాను."