గోడ దాటని కబురు

ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం వాళ్ళు ఆమెను ఎదురుగా మేడం అనీ, వెనకాల గోడమ్మ అనీ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు కనబడేది కాదు. కొత్తగా చేరిన నెట్‌వర్క్ ఇంజనీరు ఒకసారి ఫోన్లో నోరు జారి, "దీనికి గోడమ్మగారు ఒప్పుకోవాలండీ" అని ఆమెతోనే అనేశాడు. "ఒప్పుకోను. ఇంకేమిటి?" అని ఆమె పనిలో పడిపోయింది. అతను మాత్రం చాలా రోజులు ఆమె గది ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆ ఆసుపత్రికి చాలా శాఖలున్నాయి. అన్ని శాఖల పనీ మొదట్లో కింది అంతస్తులో, ఎప్పుడూ చల్లగా ఉంచే గదిలోని సొంత యంత్రాల మీదే నడిచేది. పొద్దున్నే అపాయింట్‌మెంట్ల కోసం జనం ఒక్కసారి మీద పడేసరికి అవి చేతులెత్తేసేవి. మధ్యాహ్నానికి పనిలేక గోళ్ళు గిల్లుకునేవి. ఎన్ని కొన్నా పొద్దుటికి చాలవు, మధ్యాహ్నానికి ఎక్కువ. చివరికి యాజమాన్యం హైబ్రిడ్ క్లౌడ్‌కి ఒప్పుకుంది. అంటే దాచుకోవలసినవి సొంత గదిలోనే ఉంటాయి. జనంతో మాట్లాడే భాగం మాత్రం బయట ఎవరిదో పెద్ద యంత్రశాలలో అద్దెకు నడుస్తుంది. రద్దీ పెరిగితే ఇంకాసిని యంత్రాలు తీసుకోవచ్చు, తగ్గితే వదిలెయ్యవచ్చు.

"సగం సొంతిల్లు, సగం అద్దిల్లు" అన్నాడు మేనేజరు.

ఏది లోపల ఉండాలి, ఏది గోడ దాటవచ్చు అన్నది తేల్చే పని ఆమె మీద పడింది. రోగం పేరు లోపల. పరీక్షల ఫలితాలు లోపల. డాక్టర్లు రాసుకునే మాటలు లోపల. మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏ రోజు ఎన్నింటికి దేనికి రావాలి అన్నవి మాత్రం బయటికి. ఇంత గట్టిగా నిలబడింది కాబట్టే గోడమ్మ అయింది. మరణం దగ్గర మళ్ళీ వాదన వచ్చింది.

"అదొక్కటీ పంపిస్తే పోతుందిగా మేడం. ఉన్నాడు, లేడు. అంతే కదా" అన్నాడు మేనేజరు.

"అంతే అయితే మీరెందుకు అడుగుతున్నారు?" అంది ఆమె. "మనిషి పోయిన సంగతి మనకీ, వాళ్ళింట్లో వాళ్ళకీ తెలిస్తే చాలు. అద్దింటి గోడలకి కూడా తెలియాలా?"

అలాగే ఖాయమైంది. ఆ మాట సరైనదని ఆమె అప్పుడూ నమ్మింది, తరవాతా నమ్మింది.

పాత యంత్రాల నుంచి కొత్త ఏర్పాటుకు మారుతున్న రోజుల్లోనే ఆమె అన్నయ్య పోయాడు. ఆ ఆసుపత్రిలోనే, ఆమె కూర్చునే గదికి పైన ఎక్కడో. కిడ్నీలు పాడైన మనిషి. మంగళవారం, శుక్రవారం వదిన వెంటబెట్టుకుని డయాలసిస్‌కి తీసుకొచ్చేది. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. ఆమెకు పుట్టింటి వైపు మిగిలింది ఆ అన్నయ్య, ఆ వదిన. ఇప్పుడు వదిన ఒక్కతే.

అన్నయ్య పోయినప్పుడు ఆమె ఏడవలేదు. ఏడవకూడదనుకుని కాదు, ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, డాక్టర్లతో మాట్లాడింది, కాగితాల మీద సంతకాలు పెట్టింది. అందరూ వెళ్ళకముందే ఆఫీసు నుంచి ఫోన్ వస్తే లేచి వెళ్ళింది. మారే పని మధ్యలో ఉంది, వెళ్ళకపోతే అన్ని శాఖలూ ఆగిపోతాయి. ఆ మాట చెబితే చుట్టాలకు అర్థం కాదని చెప్పలేదు. వాళ్ళు అనుకోవలసినవన్నీ అనుకున్నారు, కొంచెం గట్టిగానే.

కొన్నాళ్ళకి ఒక మంగళవారం ఉదయం, మూడో అంతస్తులో టోకెన్ నంబర్లు చూపించే తెర ఆగిపోయిందంటే ఆమె చూడ్డానికి వెళ్ళింది. డయాలసిస్ గది బయట చిరిగిన రెక్సిన్ బెంచీ మీద, గోడవైపు చివర వదిన కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ. సంచీలోంచి అన్నయ్య కప్పుకునే బూడిదరంగు శాలువా అంచు కనిపిస్తోంది.

"వదినా, ఇక్కడున్నావేంటి? ఒంట్లో బాగా లేదా?"

"నాకేం, బాగానే ఉన్నాను. మంగళవారం కదా" అంది వదిన, అందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆమె పక్కన కూర్చుంది. వదిన ఫోన్ తీసి చూపించింది. ముందురోజు సాయంత్రం వచ్చిన మెసేజ్. అన్నయ్యను పేరుపెట్టి నమస్కారం. రేపు ఉదయం మీకు డయాలసిస్ ఉంది. తేలికగా తిని రండి. చలిగా ఉంటుంది, శాలువా వెంట తెచ్చుకోండి. దాని పైన శుక్రవారానిది. దాని పైన అంతకుముందు మంగళవారానిది. వేలితో ఎంత పైకి తోసినా అవే.

"ఇవన్నీ చూసి వస్తున్నావా?"

"రమ్మన్నాక రాకపోతే ఎలా? నువ్వు పంపిస్తున్నావు కదా."

"నేనా?"

"ఈ కంప్యూటర్ల పెత్తనమంతా నీదే కదమ్మాయ్. అన్నయ్య పేరు కొట్టెయ్యడానికి నీకు చేతులు రాలేదనుకున్నాను." వదిన శాలువా అంచును సంచీలోకి తోసింది. "నాకూ అంతేగా. ఆయన చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. నువ్వు అన్నయ్య చోటు అలా ఉంచితే నేను ఇంట్లో కూర్చోవడం బాగుండదని వస్తున్నాను. కాసేపు కూర్చుని పోతాను. ఎవరికీ అడ్డం లేను."

ఆమె ఏదో చెప్పబోయింది. వదిన ఆగలేదు.

"మీ పెద్దత్త ఏమందో నీకు తెలీదులే. అన్న పోతే కన్ను తడవలేదు, తల దువ్వుకుని ఉద్యోగానికి పోయిందీ అని. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ తీసి ఆవిడ ముందు పెట్టాను. చూడండి, అది ఏం చేస్తోందో, ఏడవడం ఒక్కటే ఏడుపా అన్నాను. ఆవిడ నోరు మూతపడింది. తరవాత అందరికీ చూపించాను."

టోకెన్ల తెర వెలిగింది. ఎవరో బాగుచేశారు కాబోలు. ఆమె లేచి, "ఇప్పుడే వస్తాను వదినా" అని లోపలికి వెళ్ళింది.

నర్సు ఆమెను చూడగానే గొంతు తగ్గించింది. "ఆవిడని చూశారా మేడం? మాకు పొమ్మనడానికి నోరు రావట్లేదు. మీ అన్నగారి పేరు ఇంకా సిస్టమ్‌లో ఉంది. లోపల డయాలసిస్ కుర్చీ ఇంకా ఆయనదేనని చూపిస్తోంది. ఇంకొకళ్ళని కూర్చోబెట్టాలంటే ప్రతిసారీ పైవాళ్ళ అనుమతి కావాలి. అక్కడ స్వెట్టరు వేసుకున్న ఆవిడ చూడండి, ఆ అనుమతి కోసమే కూర్చుంది."

"చనిపోయినవాళ్ళ పేర్లు మీరు తియ్యరా?"

"మేమా? ఇదివరకు అవే పోయేవి కదా మేడం. మీరే తీస్తారనుకున్నాం."

"మేము మీరు తీస్తారనుకున్నాం" అంది ఆమె మెల్లగా.

కిందికి వచ్చి తలుపు వేసుకుంది. ఇందులో వెతకాల్సిందేమీ లేదు. అన్నీ ఒకే చోట ఉన్న రోజుల్లో, వార్డులో మరణం అని రాయగానే ఆ మనిషి అపాయింట్‌మెంట్లన్నీ వాటంతటవే రాలిపోయేవి. ఇప్పుడు ఆ కబురు గోడ దగ్గర ఆగిపోతోంది. గోడకు అవతల యంత్రాలు తమ పని తాము శ్రద్ధగా చేసుకుపోతున్నాయి. బతికున్నవాళ్ళతో పాటు పోయినవాళ్ళనీ పేరుపెట్టి పిలుస్తున్నాయి. రెండు వైపుల వివరాలూ పక్కపక్కన పెట్టి చూస్తే అలాంటి పేర్లు తెర అడుగు దాటి కిందికి పోతూనే ఉన్నాయి. ఏడో నెల పరీక్షకు రమ్మని ఒకామెకు. టీకాకు రమ్మని పేరు కూడా పెట్టని ఒక పసిబిడ్డకు.

మేనేజరు అది చూసి తల పట్టుకున్నాడు. "మరి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదే?"

"ఎవరు చేస్తారు? ఏమని చేస్తారు?" అంది ఆమె.

సరిచెయ్యడం కష్టం కాలేదు. కారణం చెప్పకుండా, ఈ నంబరుకు ఇక పిలుపు వద్దు అన్న గుర్తు ఒక్కటే బయటికి పంపిస్తే చాలు. ఇంకో సంగతి నెట్‌వర్క్ ఇంజనీరు గుర్తుపట్టాడు. పేర్లు తీసెయ్యగానే ప్రతి నంబరుకూ మీ అపాయింట్‌మెంట్ రద్దయింది, మళ్ళీ తీసుకోవడానికి ఇక్కడ నొక్కండి అని ఇంకో మెసేజ్ పోతుంది. "అది మాత్రం వద్దు మేడం" అన్నాడు. దాన్ని ఆపించారు. మార్పు సోమవారం అమల్లోకి వస్తుంది.

అంతా అయ్యాక ఆమె ఒక్కతే కూర్చుని ఇంకో వరుస చేర్చింది. ఈ నంబరు తప్ప, అని. వదిన ఫోన్ నంబరు ఆమెకు చూడకుండా వచ్చు. ఆ ఒక్క వరుస ఉంటే మంగళవారాలు అలాగే ఉంటాయి. వదిన అలాగే వస్తుంది. తను అన్నయ్య పేరు కొట్టెయ్యలేకపోయిన చెల్లెలు అవుతుంది, నిజంగానే అవుతుంది. పెద్దత్త నోరు మూతపడే ఉంటుంది. చాలాసేపు ఆ వరుస వైపు చూసింది. స్వెట్టరు వేసుకున్న ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్న తీరు కళ్ళముందు నుంచి పోలేదు. వరుస చెరిపేసింది.

ఆదివారం వదిన ఇంటికి వెళ్ళింది. వదిన బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తోంది. ఆమె కూడా రెండు దుప్పట్లు మడతపెట్టి, తరవాత చెప్పింది. గోడ గురించి, సగం సొంతం సగం అద్దె గురించి, ఎవరికి వాళ్ళు ఎదుటివాళ్ళు చేస్తారనుకున్న సంగతి. తడుముకోకుండా, ఆఫీసులో చెప్పినట్టే చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే నచ్చలేదు.

వదిన చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. "అయితే నువ్వు ఉంచలేదన్నమాట."

"లేదు వదినా."

"అది దానంతటది ఉండిపోయింది."

"ఊఁ."

"నీకు తెలియను కూడా తెలియదు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది నాలుగైదుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఇలాంటివి ఇంకా ఎవరికైనా వస్తున్నాయా?"

"చాలామందికి. పసిపిల్లల ఇళ్ళకి కూడా."

వదిన మొహం మారింది. "మరి ఆదివారం దాకా ఏం చేస్తున్నావు? వాళ్ళకి ఆపు ముందు."

"రేపు ఆగిపోతాయి. నీది కూడా."

వదిన గలీబును మడతపెట్టింది. మూలలు కలవలేదని విప్పి మళ్ళీ మడతపెట్టింది. "పెద్దత్తకి నేను చెప్పనులే" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది. వెళ్ళొస్తానంటే వదిన ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చింది, కానీ మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

సోమవారం మార్పు అమల్లోకి వచ్చింది. సాయంత్రం మెసేజ్‌లు వెళ్ళే వేళకి విభాగం వాళ్ళంతా తెర ముందు నిలబడ్డారు. పోవలసినవాళ్ళకు పోయాయి, ఆగవలసినవి ఆగాయి. మేనేజరు అమ్మయ్య అనుకుని టీ తాగడానికి వెళ్ళాడు. ఆమె ఫోన్ మోగింది. వదిన.

"నాకేం రాలేదు."

"ఇక రాదు వదినా."

"అయితే రేపు నేను రానక్కర్లేదు."

"అక్కర్లేదు."

"ఎందుకని?"

తెలియక అడుగుతున్న గొంతు కాదది. అలాగని ఎత్తిపొడుస్తున్నట్టూ లేదు. ఆమె తెర వైపు చూసింది. పక్క బల్ల మీద ఎవరో వదిలేసిన కప్పు వైపు చూసింది. అన్నయ్య పోయినప్పటి నుంచి ఆమె అందరితో ఏవేవో అంటూ వచ్చింది. ఇలా జరిగింది అంది, ఇంట్లో కొంచెం ఇబ్బంది అంది, రెండు రోజులు రాలేను అంది. అసలు మాట ఎవరితోనూ అనలేదు.

"అన్నయ్య లేడు కదా వదినా" అంది. తరవాత వచ్చిన చప్పుడు తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు. ఎదురుగా నెట్‌వర్క్ ఇంజనీరు తలెత్తి చూసి, కుర్చీ అటు తిప్పుకున్నాడు.

"కూర్చో" అంది వదిన. "అక్కడ కుర్చీ ఏదైనా ఉంటే కూర్చో. నేను పెట్టెయ్యను."

ఆమె కూర్చుంది. అవతల వదిన ముక్కు చీదిన చప్పుడు, తరవాత నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించాయి. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.