గోడపొయ్యి

నాలుగో పలక దించేసరికి బుధు భుజం తోలు లేచిపోయింది. వ్యాను కొండ ఎక్కలేక ఆగిపోతే, పాలరాతి పలకల్ని వెదురు బొంగులకు కట్టి ఐదుగురు బంగళా దాకా మోశారు. నలుగురికి తలా నాలుగు వందల కూలి. బుధుకు లేదు. భూమి నీ పేరునే ఉంది, సొంతింటి పనికి కూలేమిట్రా అని బంగళా కట్టిస్తున్న దుర్గాప్రసాద్ నవ్వేవాడు.

ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ళు కొనకూడదని చట్టం. అందుకే ఈ అనకాపల్లి బెల్లం వ్యాపారి అనంతగిరి కొండమీద బుధు కాఫీ తోటలో బంగళా లేపి, భూమిని బుధు పేరునే ఉంచాడు. పేరు ఒకడిది, పెత్తనం ఇంకొకడిది. బంగళా గోడ పక్కనే ఉన్న బుధు మట్టి ఇంటిని మాత్రం ముట్టుకోనని మాట ఇచ్చాడు. ఆ మాట నమ్ముకునే బుధు, అతని భార్య నూకరత్నం అక్కడ ఉంటున్నారు.

హాల్లో దుర్గాప్రసాద్ భార్య స్వాతి పొద్దుట్నుంచి తేల్చుకోలేక తిరుగుతోంది. చలిమంట కోసం గోడలో గూడు, దాని చుట్టూ బిగించడానికి చెక్కిన పాలరాయి. పనివాళ్ళు దానికి గోడపొయ్యి అని పేరు పెట్టుకున్నారు. కొట్టువాళ్ళు రెండు రకాలు పంపారు. ఒకటి చిన్నది, నున్నగా ఉంది. రెండోది మనిషి ఎత్తున, నిండా లతలు, పువ్వులు.

"నూకరత్నం, నువ్వు చెప్పు. ఏది బాగుంది?"

పలకలకు చుట్టి వచ్చిన గడ్డి ఊడుస్తున్న నూకరత్నం చీపురు ఆపింది. ఏది తోమాలో, దేన్ని ముట్టుకోకూడదో చెప్పేవాళ్ళే గాని, నీకేది నచ్చిందని ఆ ఇంట్లో ఆమెను అడిగినవాళ్ళు లేరు. సిగ్గేసింది. సంతోషమూ వేసింది. చెయ్యి చీరకు తుడుచుకుని రాతి పువ్వును మెల్లగా తాకింది.

"పెద్దదేనమ్మా. ఈ పువ్వులు మా సేలల్లో పూసే వలిసిపువ్వుల నాగున్నాయి."

"చూశారా! నా మనసులోదే చెప్పింది" అంది స్వాతి భర్తతో.

మేస్త్రీ పైడిరాజు టేపు పట్టి కొలిచాడు. బయటికెళ్ళి చూసి వచ్చాడు. నూకరత్నం వైపు చూడకుండా దుర్గాప్రసాద్‌తో అన్నాడు.

"సిన్నదైతే ఈ గోడలోనే సరిపోద్ది బాబూ. పెద్దదానికి గోడ బయటికి జరపాల, పొగగొట్టానికి పునాది తియ్యాల. అటేపు ఈళ్ళ ఇల్లు అడ్డమండి."

"దాందేముంది, తీసేద్దాం. తోట కింద రేకుల షెడ్డులో ఉంటారు. రోడ్డు పనిలో ఉన్న జేసీబీని ఇటు రమ్మను."

గుమ్మంలో నిలబడ్డ బుధు ఒక అడుగు లోపలికి వేశాడు. "బాబూ, ఇల్లు ముట్టుకోనన్నారు గదా."

"అన్నాను. అప్పుడీ రాయి లేదు కదరా."

స్వాతి ఒక్క క్షణం ఇబ్బంది పడింది. "నువ్వే కదా నూకరత్నం, పెద్దదే బాగుందన్నావు?" అంది, చాలా మృదువుగా. అంత మర్యాదగా కొంపలు కూల్చడం కొందరికే చేతనవుతుంది.

నూకరత్నం చీపురు కింద పడేసింది. "అన్నాను. ఇల్లు పోద్దని నాకేటి తెల్సు? ఇప్పుడు వొద్దంటన్నాను. సిన్నదీ వొద్దు, పెద్దదీ వొద్దు. భూమి మా ఇంటాయన పేరున ఉంది. మేం కదలం."

అది అందరికీ తెలిసిందే. ఆ హాల్లో నోరు తెరిచి అన్నవాళ్ళు మాత్రం లేరు. పైడిరాజు టేపు చుట్టుకుని, జేసీబీని పిలిచే నెపంతో బయటికి జారుకున్నాడు. దుర్గాప్రసాద్ కేకలు వేస్తాడనుకున్నాడు బుధు. వేసి ఉంటే ఇంత భయపడేవాడు కాదు. దుర్గాప్రసాద్ జేబులోంచి ఫోను తీసి, సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి నడిచాడు.

"మీ తమ్ముడు సోములు పాడేరులోనే ఉన్నాడు కదూ బుధూ? ఈ భూమిలో వాడికీ వాటా ఉంది. వాడు నీలా కాదు, మాట వింటాడు."

నూకరత్నం ఆ మాటకు ఆగలేదు. చరచరా వెళ్ళి తన ఇంటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బుధు వెనకాలే వచ్చి ఎదుట నిలబడ్డాడు. కింద రోడ్డు మీద జేసీబీ ఇటు తిరిగిన చప్పుడు వినిపించింది.

"బయమేత్తందే" అన్నాడు.

"నాకూ ఏత్తంది. కూకో" అంది నూకరత్నం, పక్కకు జరిగి చోటిస్తూ.